సగం కాగితం మీద కిడ్నాప్

“ఈ లోకంలో నేరమనేది ఇంకా బతికుందంటే దానికి కారణం ఒక్కటే బావా. నేను రోజుకి ఎనిమిది గంటలు ఈ ఆఫీసులో ఇరుక్కుపోవడం.”

శుక్రవారం పొద్దున్న పదిన్నరకి, కాటాలు బాగుచేసే దుకాణం ముందుగదిలో, ఒక కాలు కుర్చీ మీద పెట్టి గుమాస్తా ఈ ప్రకటన చేశాడు. వినడానికి ఉన్నది కాటా మెకానిక్ ఒక్కడే. గుమాస్తా ఆయన భార్యకి తమ్ముడు. బావమరిది బతకకోరతాడని సామెత ఉంది గానీ, ఆ సామెత కట్టినవాడికి ఇలాంటి బావమరిది ఉండి ఉండడని మెకానిక్‌కి గట్టి నమ్మకం.

ఆ వీధిలో అందరూ గుమాస్తాని భూతద్దం అని పిలుస్తారు. అతను అది బిరుదనుకుంటాడు. నిజానికి ఆ భూతద్దం మెకానిక్‌ది. కాటాల మీద చెక్కిన సన్నటి అంకెలు చదవడానికి కొనుక్కున్నాడు. నాలుగేళ్ళ కిందట ‘ఒక్క నిమిషం ఇవ్వు బావా’ అని పట్టుకెళ్ళిన బావమరిది ఇంతవరకూ తిరిగివ్వలేదు. అప్పట్నుంచి మెకానిక్ కళ్ళు చికిలించుకుని పనిచేసుకుంటున్నాడు, బావమరిది లోకంలో నేరాలన్నీ పెద్దవి చేసి చూసుకుంటున్నాడు. ఎవరైనా కొండను తవ్వి ఎలుకను పడతారు. అతను ఎలుకను తవ్వి కొండను పట్టే రకం. కిందటేడు దుకాణంలో ఎవరిదో గొడుగు పోయిందంటే తొమ్మిది రోజులు దర్యాప్తు చేసి, పదో రోజు వాన పడితే అదే గొడుగు వేసుకుని ఇంటికెళ్ళాడు.

“ఆ సోది ఆపి, మేడం దగ్గర్నుంచి నా కాగితం వచ్చిందో లేదో చెప్పరా,” అన్నాడు మెకానిక్.

ఆయన ప్రాణమంతా ఆ కాగితం మీదే ఉంది. కూతురు దూరాన హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. శనివారం పొద్దున్న తొమ్మిదింటికి దానికి నాలుగు వందల మీటర్ల పరుగు పందెం. ఇంతకుముందు మూడు పందేలకి వస్తానని మాటిచ్చి మూడింటికీ వెళ్ళలేకపోయాడు. బయల్దేరే వేళకి ప్రతిసారీ ఏదో ఒక కాటా మొరాయించింది. ఈసారి మాటిస్తుంటే పిల్ల కోప్పడలేదు, అలగలేదు. “పర్లేదులే నాన్నా, పనుంటే రావద్దులే,” అంది. ఆ పర్లేదు ఆయన్ని వారం రోజులుగా తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు. సాయంత్రం ఆరింటికి బస్సు. వస్తే ఇద్దరం, రాకపోతే నేనొక్కదాన్నే అని భార్య రెండు ముక్కల్లో తేల్చేసింది.

అలాగని చెప్పకుండా వెళ్ళిపోవడానికి లేదు. దుకాణం నడిపే మేడం గోడ మీద ఎర్ర అక్షరాలతో రాయించింది: మంజూరు కాగితం లేని సెలవు సెలవు కాదు, రాజీనామా. ఆమె మాటంటే మాటే. మెకానిక్ సోమవారమే సెలవుచీటీ ఇచ్చాడు. ఇకమీదట అన్నీ మెయిల్లోనే జరగాలని ఆమె దాన్ని గుమాస్తా చేతికిచ్చి, టైపు చేసి తనకు పంపమంది. గుమాస్తా వెంటనే పంపితే భూతద్దం ఎందుకవుతాడు? చేతిరాత అనుమానాస్పదంగా ఉందని మూడు రోజులు పరీక్షించి, ఇది బావ రాతేనని నిర్ధారించుకుని, గురువారం మధ్యాహ్నం పంపాడు. మేడం బుధవారం సాయంత్రమే సెలవు మీద వెళ్ళిపోయింది. సెలవంటే సెలవే అనే మనిషి కాబట్టి ఫోను కూడా కట్టేసుకుంది.

“నీ కాగితం రాలేదు బావా. అంతకంటే పెద్దది వచ్చింది,” అని భూతద్దం గొంతు తగ్గించాడు. “మేడంని ఎత్తుకుపోయారు.”

మెకానిక్ చేతిలోని స్క్రూడ్రైవరు కింద పడలేదు. నాలుగేళ్ళలో ఆయన చేతికి ఆ అలవాటు తప్పిపోయింది. ఆధారం చూపించమన్నాడు.

భూతద్దం జేబులోంచి ఒక అరకాగితం తీశాడు. ఆ ఆఫీసులో కాగితాలన్నీ సగానికి కోసి వాడతారు. మేడం పొదుపు అది. ప్రింటరుకి కూడా అరకాగితాలే. పైన దుకాణం పేరు, కాటా బొమ్మ, చిరునామా వేసేసరికే సగం అయిపోయి, కింద నాలుగు ముక్కలకి మాత్రం చోటు మిగులుతుంది. ఆ నాలుగు ముక్కలు ఇవి: ‘నమస్కారం. మీ ఉత్తరం అందింది. ప్రస్తుతం నేను ఆఫీసులో లేను. మీరు అడిగిన విషయం నేను’. అక్కడితో కాగితం అయిపోయింది.

“నేను అని ఆగిపోయింది బావా. మనిషి మాట మధ్యలో ఎప్పుడు ఆగుతుంది? నోట్లో గుడ్డలు కుక్కినప్పుడు.”

మిగతాది ఎక్కడుందని మెకానిక్ అడిగాడు. మిగతాది ఉంటే కదా అన్నాడు భూతద్దం. తెర మీద చూసుకోవచ్చు కదా అంటే, తెర మీద చదివింది ఆధారం కాదనీ, చేతికి దొరికిందే ఆధారమనీ చెప్పాడు. మొదటి వరుస కనపడగానే ప్రింటు మీట నొక్కడం, కాగితం సగం బయటికి రాగానే లాక్కోవడం అతని పద్ధతి. ఆ ప్రింటరు ముసలిది. ఒక పేజీ కక్కాక నిమిషంసేపు దగ్గి, ఆయాసపడి, అప్పుడు గానీ రెండోది కక్కదు. అంతసేపు ఆగే ఓపిక అపరాధ పరిశోధకులకి ఉండదు. ఆ రెండో కాగితాలు బోర్లా పడుతుంటే, అవి యంత్రం ఊరికే వదిలిన తెల్లకాగితాలనుకుని మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దోపుతూ వచ్చాడు. బల్ల ఊగుతుంటే తన ఆలోచన నిలవదట.

“ఇంకో సంగతి,” అన్నాడు భూతద్దం. “నేను ఉత్తరం పంపిన ఒక్క క్షణానికి జవాబొచ్చింది. ఒక్క క్షణం. మేడం ఒక వేలితో టైపు చేసే మనిషి. తన పేరు కొట్టడానికే టీ చల్లారిపోతుంది. అలాంటిది క్షణంలో ఎలా కొట్టింది? ఎవడో పక్కన నిలబడి తరుముతున్నాడు.”

మెకానిక్‌కి మెయిళ్ళ సంగతి బొత్తిగా తెలియదు. ఆయనకి తెలిసిందల్లా ముల్లు సున్నా దగ్గర ఆగిందా లేదా అన్నదే. మేడంని ఎవరైనా ఎత్తుకుపోయినా, ఎత్తుకుపోయినవాళ్ళే రెండు రోజుల్లో దింపేసి వెళ్తారని ఆయన అభిప్రాయం. కానీ క్షణంలో జవాబు ఎలా వచ్చిందో చెప్పడం ఆయన వల్ల కాలేదు. అందుకని, ముందు నా సెలవు సంగతి అడగరా అన్నాడు.

భూతద్దం బల్ల ముందు కూర్చుని చేతులు విదిలించుకున్నాడు. ‘మా బావ సెలవు మంజూరు చేయండి’ అని కొట్టి పంపాడు. రెప్ప వాల్చేలోపు టింగుమంది. ప్రింటరులోంచి అరకాగితం లాగాడు. అదే నమస్కారం, అదే ఉత్తరం అందింది, అదే ఆఫీసులో లేను.

“చూశావా? ఇద్దామనే ఉంది పాపం. వాడు కొట్టనివ్వట్లేదు.”

ఇక రహస్య సంభాషణ మొదలుపెట్టాడు. మేడం అపాయంలో ఉంటే ఎవరికీ అనుమానం రాకుండా పాత జవాబే మళ్ళీ పంపమని రాశాడు. పాత జవాబే వచ్చింది. భూతద్దం కుర్చీలో రెండంగుళాలు పొడుగయ్యాడు. దుండగులు ఎంతమంది ఉంటే అన్నిసార్లు జవాబు పంపమన్నాడు. ఒకటే వచ్చింది. అయితే ఒక్కడే అన్నమాట. వాడు పొడుగైతే పాత జవాబు పంపండి, పొట్టి అయితే అసలు పంపకండి అన్నాడు. వచ్చింది. మీసాలుంటే పంపమన్నాడు, వచ్చింది. కుంటుతాడా అన్నాడు, కుంటుతున్నాడు. చారల చొక్కా వేసుకున్నాడా అంటే, వేసుకున్నాడు. మధ్యాహ్నం రెండు గంటలకల్లా దుండగుడి ఆనవాళ్ళు తల నుంచి కాలిదాకా తయారైపోయాయి. పోలీసులకి ఇన్ని ఆనవాళ్ళు జన్మలో దొరకవని భూతద్దం చెప్పాడు. అది మాత్రం నిజమే.

మెకానిక్ గడియారం చూస్తూ కూర్చున్నాడు. బెంచీ మీద బాగుచేయాల్సిన కాటా ఒకటి ఉంది. దాని ముల్లు ఎన్నిసార్లు సర్దినా పక్కకే పోతోంది. తప్పు కాటాది కాదని ఆయనకి తెలుసు. నాలుగోసారి కూడా రాని తండ్రి గురించి పిల్ల ఏమనుకుంటుందో ఆలోచించడం మానేద్దామనుకున్నాడు గానీ మానలేకపోయాడు. ఏమీ అనుకోకపోతే? అదే ఆయనకి అన్నిటికంటే భయం.

“ఒరేయ్, ఒక మాట చెప్పు,” అన్నాడు చివరికి. “సోమవారం ఇచ్చిన చీటీ సోమవారమే పంపి ఉంటే?”

గుమాస్తా చేతిలోని భూతద్దాన్ని చొక్కాకి తుడుచుకున్నాడు. “అప్పుడు ఈ నేరం బయటపడేది కాదు బావా,” అన్నాడు గానీ, ఆ మాటలో పొద్దున్నటి జోరు లేదు. మేనకోడలంటే అతనికీ ప్రాణమే.

నాలుగున్నర కావస్తుండగా తలుపు తెరుచుకుంది. కూరగాయలమ్మే పెద్దాయన చిన్న కాటా ఒకటి భుజాన పెట్టుకుని లోపలికొచ్చాడు. చారల చొక్కా. ఎడమకాలు కుంటుతోంది.

భూతద్దం మెల్లగా లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టాడు.

మెకానిక్ అతని చెయ్యి పట్టుకుని, ఈయన పొట్టిగా ఉన్నాడనీ, మీసాలు కూడా లేవనీ చెవిలో చెప్పాడు. మీసాలు తీసేయడం ఏ నేరస్తుడైనా చేసే మొదటి పని అని భూతద్దం జవాబిచ్చాడు. పొడుగు సంగతేమిటంటే, దాచుకున్నాడన్నాడు.

పెద్దాయన కాటా నేల మీద దింపి, నొప్పి పుడుతున్న భుజం రాసుకున్నాడు.

“చూశావా బావా. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటున్నాడు.”

“దొంగతనమెందుకు సార్, గుమ్మడికాయలు నేనే అమ్ముతాను,” అన్నాడు పెద్దాయన అమాయకంగా. “మీకు కావాలంటే రేపు తెస్తా.”

ఆ కాలికి ఏమైందని భూతద్దం గర్జించాడు. తూనికరాయి పడిందని పెద్దాయన చెప్పాడు. ఆ కాటా ముల్లు సరిగ్గా లేదని రాళ్ళు మార్చి మార్చి చూస్తుంటే రెండు కిలోల రాయి జారిందట. అంతా కట్టుకథ అన్నాడు భూతద్దం. రాయి పడ్డవాడి కుంటుడు వేరు, మనిషిని ఎత్తుకుపోయినవాడి కుంటుడు వేరు. బరువు మోసినవాడు ఇలా కుంటుతాడు అని తనే ముందుగదిలో కుంటి చూపించడం మొదలెట్టాడు. ఒక చేతిలో భూతద్దం, రెండో చెయ్యి నడుం మీద, చూపు పెద్దాయన మొహం మీద. ఆ చూపేదో నేల మీద పెట్టి ఉంటే బాగుండేది. నాలుగో అడుగులో పెద్దాయన దింపిన కాటా మీదికి ఎక్కాడు. పళ్ళెం గిర్రున తిరిగింది. పడిపోతూ బల్లని పట్టుకున్నాడు. బల్ల ఒక్క ఊపు ఊగి, కాలి కింది కాగితాల మడత చెంగుమని బయటికి ఎగరడంతో ఒక పక్కకి ఒరిగిపోయింది. కంప్యూటరు తెర జారుతుంటే భూతద్దం దాన్ని పసిబిడ్డలా గుండెకి హత్తుకుని నేల మీద చతికిలపడ్డాడు.

మెకానిక్ పరిగెత్తుకొచ్చి బల్ల మూల ఎత్తిపట్టుకున్నాడు. ఆ కాగితాలు కాస్త మళ్ళీ కాలి కింద పెట్టమని పెద్దాయన్ని బతిమాలాడు. పెద్దాయన వంగి తీశాడు. పనిమంతుడు కాబట్టి మడత సరిగ్గా లేదని విప్పి మళ్ళీ పెట్టబోయాడు. విప్పినవాడు అలాగే చూస్తూ ఉండిపోయాడు.

“దీని మీద ఏదో రాసుంది సార్. అన్నిటి మీదా ఒకటే రాసుంది.”

చదవమన్నాడు మెకానిక్. పెద్దాయన కాగితం దూరంగా పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాడు.

“...సోమవారం వచ్చాక చూస్తాను. ఇది కంప్యూటరు తనంతట తాను పంపే జవాబు. మీరు ఎన్నిసార్లు రాసినా ఇదే వస్తుంది. అత్యవసరమైతే మా ఆఫీసు గుమాస్తాను అడగండి. నేను వచ్చేదాకా సెలవులు, సంతకాలు, ముద్ర అన్నీ ఆయనవే. ఆయన మంజూరు చేస్తే నేను చేసినట్టే. ఆఫీసులో ఏదీ ఆయన కన్నుగప్పి జరగదు.”

ప్రింటరు ఒకసారి దగ్గింది.

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే విన్నాడు గానీ, ఆ పిల్లాడే స్వయంగా ఊరంతా తిరిగి తనను తాను వెతుక్కోవడం మెకానిక్ ఎప్పుడూ చూడలేదు. సోమవారం నుంచి దేనికోసం ఒక్క క్షణం నిద్రపోలేదో ఆ మంజూరు, తెరని కౌగిలించుకుని నేల మీద కూర్చుని ఉంది. తిట్టాలా నవ్వాలా తెలియలేదు. నవ్వే వచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

“నాకు మొదట్నుంచీ అనుమానంగానే ఉంది,” అన్నాడు భూతద్దం లేచి దుమ్ము దులుపుకుంటూ. “కేసు తేలిపోయింది బావా. బాధ్యతలన్నీ ఎవరి దగ్గరున్నాయో కనిపెట్టేశాను.”

టైము నాలుగూ యాభై. కుర్చీ సర్దుకుని, గొంతు సవరించుకుని, సెలవు దేనికో సవివరంగా చెప్పమన్నాడు. మెకానిక్ ఒక అడుగు ముందుకేశాడు. చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉంది. ముద్ర వెంటనే పడింది, రెండుసార్లు పడింది.

మేడం బుధవారమే పంపి వెళ్ళిన మెయిలు ఇంకోటి కూడా అప్పుడే తెరిచారు. దాని పేరు ‘ముఖ్య గమనిక’. ముఖ్యమని చెప్పుకునేది ఏదీ ముఖ్యం కాదన్న సూత్రం ప్రకారం భూతద్దం దాన్ని ముట్టుకోలేదు. సెలవు మీద వెళ్ళే ప్రతి మనిషీ తన పేరు మీదున్న మెయిల్లో ఇలాంటి జవాబు పెట్టి తీరాలని అందులో ఉంది. మెకానిక్ పేరు మీద కూడా ఒక మెయిలు ఉందట, మరమ్మతుల కోసం. ఆయనకే తెలియదు. ఎక్కడ నొక్కాలో, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా అని ఎలా పెట్టాలో ఆమె వరసగా రాసింది. భూతద్దం నొక్కుతుంటే జవాబు మెకానిక్ చెప్పాడు. ఒక్క గుక్కలో చెప్పాడు.

‘నమస్కారం. నేను ఆఫీసులో లేను. మా అమ్మాయి పరిగెడుతోంది, చూడ్డానికి వెళ్తున్నాను. సోమవారం వస్తాను.’

మెకానిక్ పెద్దాయన కాటా ముల్లు అయిదు నిమిషాల్లో సరిచేసి ఇచ్చాడు. ఈసారి ముల్లు పక్కకి పోలేదు. భూతద్దం తనే తలుపు గడియ తీసి, పెద్దాయన్ని ‘ప్రస్తుతానికి’ వదిలిపెడుతున్నట్టు ప్రకటించాడు. మెకానిక్ బస్సుకి పరిగెత్తాడు. ఆఖరి ఇరవై అడుగులు నిజంగానే పరిగెత్తాడు. మెట్టు మీద నిలబడి ఉన్న భార్య చెయ్యి అందించింది.

శనివారం పొద్దున్న మైదానంలో ముందువరసలో కూర్చున్నాడు. పిల్లలు గీత దగ్గరికి వచ్చారు. కూతురు తల వంచుకుని లేసులు కట్టుకుంటోంది. ముందువరస వైపు చూడలేదు. చూసి నిరాశపడే అలవాటు మానుకుందని ఆయనకి అర్థమైంది. భార్య లేచి నిలబడి చెయ్యి ఊపింది. పిల్ల అమ్మని చూసింది, నవ్వింది, మళ్ళీ తల దించబోయి, పక్క కుర్చీలో ఉన్నదెవరో చూసింది. కట్టిన లేసు మళ్ళీ విప్పి మళ్ళీ కట్టుకుంది. రెండోసారి ఎందుకు కట్టుకుందో దానికే తెలియదు.

అప్పుడే జేబులో ఫోను మోగింది.

“బావా, ఘోరం జరుగుతోంది,” అన్నాడు భూతద్దం ఊపిరాడనట్టు. నిన్న వెళ్ళే ముందు, అంతా సరిగ్గా ఉందో లేదో చూద్దామని మెకానిక్ మెయిల్లోంచి మేడంకి ఒక ఉత్తరం పంపాడట. దానికి మేడం జవాబు దానంతటదే వచ్చింది. ఆ జవాబుకి మెకానిక్ జవాబు దానంతటదే వెళ్ళింది. దానికి మళ్ళీ ఆమెది, దానికి మళ్ళీ ఈయనది. “రాత్రంతా రాసుకుంటున్నారు బావా. నాలుగువేల రెండువందల పదహారు ఉత్తరాలు. ఒకళ్ళు మేడం పేరు పెట్టుకున్నారు, ఒకళ్ళు నీ పేరు పెట్టుకున్నారు. ఇద్దరూ ఒకటే మాట. నేను ఆఫీసులో లేను, నేను ఆఫీసులో లేను. ఇది మామూలు ముఠా కాదు. నువ్వు వెంటనే రావాలి.”

గీత దగ్గర పిల్లలు వంగారు. ఈల నోటి దగ్గరికి వెళ్ళింది.

“నేను ఆఫీసులో లేనురా,” అన్నాడు మెకానిక్.

“మరి అత్యవసరమైతే?”

“గుమాస్తాని అడుగు,” అని ఫోను కట్టేసి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని కూతురి పేరు ఎలుగెత్తి పిలిచాడు.